మూడో గది తలుపు

కామ్నిక్ అనే ఊరికి వెళ్ళే దారిలో, మొక్కజొన్న చేలు దాటాక, కిటికీలు తెరుచుకోని తెల్ల భవనం ఒకటుంది. ఇంజెక్షన్ మందులు తయారుచేసే క్లీన్‌రూముల్లో పనిచెయ్యడానికి అక్కడ మనుషులకి తర్ఫీదు ఇస్తారు, పరీక్ష పెడతారు, సర్టిఫికెట్ చేతిలో పెడతారు. దుమ్ము కణాన్ని కూడా లెక్కపెట్టి, ఫారం నింపి, కింద ఇద్దరు సంతకాలు చేసే చోటు అది. అలాంటి చోటికి ఒక దెయ్యం ఏ సంతకమూ లేకుండా ఎలా వచ్చిందన్నది ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు.

అది ఉండేది మాత్రం మూడో గదిలో.

లోపలికి వెళ్ళేముందు తెల్ల సూటు వేసుకునే గదులు మూడున్నాయి. ఒకటో గదిలో ఏమీ జరగదు. రెండో గదిలోనూ ఏమీ జరగదు. మూడో గదిలో... రాత్రిపూట... తలుపు తనంతట తాను తెరుచుకుంటుంది. ముందు ఎవరో నిట్టూర్చిన చప్పుడు. తర్వాత మెడ వెనక చల్లటి ఊపిరి. ఆ తర్వాత మూడు రోజులకి, పరీక్ష ప్లేట్ల మీద బూడిదరంగు బూజు. బూజు పక్కన, ఒక్కోసారి, సన్నటి ఎర్ర వెంట్రుక.

ఎర్ర వెంట్రుక అనగానే ఆ భవనంలో అందరి నోటా వచ్చే పేరు ఒక్కటే — ఆల్బీనా కోస్.

ఆల్బీనా ఆ కేంద్రానికి మొట్టమొదటి పరీక్షకురాలు. ఎర్రటి జుట్టు, కరుకు గొంతు. ఆవిడ చేతిలో పాసైనవాళ్ళు కొద్దిమంది, ఫెయిలై ఏడవనివాళ్ళు అంతకన్నా కొద్దిమంది. ఆవలించాడని ఒకణ్ణి, మోకాలు గోక్కుందని ఒకామెని ఇంటికి పంపేసింది. ఆరేళ్ళ కిందట ఒక చలికాలం రాత్రి, సూటు వేసుకున్నాక కదలకుండా ఎలా నిలబడాలో చూపిస్తానని మూడో గదిలో గోడకి ఆనుకుని నిలబడింది. అలా నిలబడే ప్రాణం వదిలింది. ఎదురుగా పదకొండు మంది విద్యార్థులు. ముఖానికి తొడుగు, కళ్ళకి పెద్ద అద్దాలు ఉన్న మనిషి బతికుందో లేదో ఎలా తెలుస్తుంది? పాఠం సాగుతోందనుకుని వాళ్ళూ బిగుసుకుని నిలబడ్డారు. నలభై నిమిషాలు. ఆవిడ చెప్పిన పాఠాల్లో అందరూ పాసైంది అదొక్కటే అంటారు.

ఆవిడ పోయాక మూడేళ్ళ దాకా గది సద్దుమణిగే ఉంది. ఈ నిట్టూర్పులన్నీ ఆ తర్వాత మొదలైనవి. ఈ మూడేళ్ళలో రాత్రి పరీక్షకి మూడో గదిలోకి వెళ్ళి తొమ్మిదిమంది, ఉన్న మూడు అవకాశాల్లోనూ ఫెయిలై ఇంటికి పోయారు. ఫెయిలైన ప్రతిసారీ యాజమాన్యం ఒక రిపోర్టు రాసింది. కారణం: మానవ తప్పిదం. పరిష్కారం: తిరిగి శిక్షణ. దెయ్యం చేసిన పనికి కూడా మనిషిదే తప్పు. అంత పద్ధతిగా నడిచే చోటు.

దారింకా హ్రిబెర్నిక్ పదో మనిషి కావాల్సింది.

యాభై రెండేళ్ళ ఆడమనిషి. లోదుస్తులు కుట్టే ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళు మిషను తొక్కింది. ఫ్యాక్టరీ మూతపడ్డాక ఉపాధి ఆఫీసువాళ్ళు ఈ పద్నాలుగు వారాల కోర్సుకి పంపించారు. ఈ వయసులో ఇంకో కోర్సు దొరకదని ముందే చెప్పేశారు. ఊరి చివర మందుల ఫ్యాక్టరీ ఒకటి ఆమెకోసం ఒక చోటు అట్టిపెట్టింది — ఫిబ్రవరి ఆఖరి శుక్రవారం మధ్యాహ్నానికల్లా సర్టిఫికెట్ తెచ్చి చూపిస్తేనే. లేకపోతే ఆ చోటు జాబితాలో తర్వాతి పేరుకి పోతుంది. పరీక్ష మూడుసార్లే రాయనిస్తారు. ఆమెకి రెండుసార్లు అయిపోయాయి. రెండుసార్లూ మూడో గదే. రెండుసార్లూ బూజే.

పరీక్ష రాత్రి ఒంటిగంటకి పెట్టడంలో దెయ్యం ప్రమేయం ఏమీ లేదు. అలిసిపోయిన మనిషి కూడా శుభ్రంగా ఉండగలడని రుజువు కావాలట. సూటు వేసుకున్నాక వేళ్ళు, నుదురు, ఛాతీ, మోచేతులు... మొత్తం పన్నెండు చోట్ల పోషకం పోసిన చిన్న ప్లేట్లని అద్దుతారు. వాటిని వెచ్చటి పెట్టెలో పెడతారు. మనిషి మీద ఉన్న మురికి మూడు నాలుగు రోజుల్లో అక్కడ చుక్కలు చుక్కలుగా మొలుస్తుంది. ఎవరి బండారం ఎంతో అప్పుడు తెలుస్తుంది.

ఇప్పటి పరీక్షకుడి పేరు వోయ్‌కో షింకోవెత్స్. పాఠం చెప్పేదీ ఆయనే, పరీక్ష పెట్టేదీ ఆయనే, ఫెయిల్ చేసి జాలిపడేదీ ఆయనే. మూడేళ్ళ కిందట వచ్చాడు. అందరూ మాస్టారూ అని పిలుస్తారు. మొదటి వారం క్లాసులో, పైకప్పులోంచి శుభ్రమైన గాలి కిందికి దిగుతుందని, గోడ అడుగున ఉన్న జాలీల్లోంచి బయటికి పోతుందని, పగలూ రాత్రీ ఆ గాలి ఆగదని ఆయన చెప్పగానే పద్నాలుగు చేతులు లేచాయి. అందరిదీ ఒకే ప్రశ్న. మెడ పట్టెయ్యదా?

ఆ దేశంలో మనుషులు మంచుకి భయపడరు, నిటారు కొండకి భయపడరు. సందులోంచి వీచే గాలికి మాత్రం హడలిపోతారు. బస్సులో ఎదురెదురు కిటికీలు రెండూ తెరిచినవాడు హంతకుడితో సమానం. ఆ గాలి తగిలితే మెడ పట్టేస్తుంది, చెవి పోటెత్తుతుంది, కిడ్నీలు చల్లబడి మనిషి మంచాన పడతాడు. ఇది డాక్టర్లు చెప్పాల్సిన సంగతి కాదు, ప్రతి ఇంట్లో అమ్మమ్మ చెప్పి ఉంచింది.

వోయ్‌కో మాస్టారు ఆ రోజు గంటసేపు ఉపన్యాసం దంచాడు. ఇది సందుగాలి కాదు, శాస్త్రం ప్రకారం వీచే గాలి అన్నాడు. ఇరవై ఒకటో శతాబ్దంలో మెడ గురించి ఏడవడం ఏమిటన్నాడు. దారింకాతో పాటు కుట్టు ఫ్యాక్టరీలో పనిచేసిన జోఫ్కా అంతకుముందు బ్యాచ్‌లో చేరి, మెడకి రుమాలు చుట్టుకుని సూటు లోపల దాచుకుంటే, ఆమెని అందరి ముందూ నిలబెట్టి కడిగేశాడు. జోఫ్కా కూడా మూడో గదిలోనే మూడుసార్లూ ఫెయిలైంది. ఇప్పుడు బస్ స్టేషన్లో బూరెక్ రొట్టెలు అమ్ముతోంది. "ఆవిడ నా మెడ మీద ఊపిరి వదిలిందే, దేవుడి తోడు," అని ఇప్పటికీ చెబుతుంది.

బుధవారం రాత్రి ఒంటిగంటకి దారింకా మూడో గదిలో అడుగుపెట్టింది.

లోపల రాత్రని తెలియదు. తెల్లటి వెలుతురు, తెల్లటి గోడలు, మధ్యలో దాటాల్సిన స్టీలు బల్ల. ఒక గోడ నిండా అద్దం. ఆ అద్దం వెనక చిన్న గూడులాంటి గదిలో మాస్టారు కూర్చుని చూస్తాడు. ఆయనకి వీళ్ళు కనిపిస్తారు, వీళ్ళకి వీళ్ళ మొహమే కనిపిస్తుంది. మూడు గదుల్లో అలాంటి గూడు ఉన్నది దీనికొక్కదానికే, మిగతా రెంటినీ కెమెరాలో చూస్తారు. అద్దం పక్కన గూట్లోకి సన్నటి తలుపు. తలుపు మీద గాలి ఒత్తిడి చూపించే ముల్లు.

తల తొడుగు. ముఖం తొడుగు. సూటు కాలు నేలకి తగలకుండా ఒక కాలు, తర్వాత రెండో కాలు... బల్ల మీంచి ఇవతలికి... బూట్లు. అన్నీ నెమ్మదిగా. తొందరపడితే బట్టలోంచి దుమ్ము లేస్తుంది. చేతులకి రెండో జత గ్లవ్స్ ఎక్కిస్తుండగా —

హ్...ష్ష్ష్...

ఎవరో నిట్టూర్చారు.

దారింకా అద్దంలోకి చూసింది. తన తెల్లటి బొమ్మ వెనక గోడ. గోడ ముందు ఎవరూ లేరు. పక్కన సన్నటి తలుపు... వేలెడంత తెరుచుకుంది. ఆగింది. ఇంకో వేలెడంత.

మెడ మీద చల్లగా తగిలింది.

ఆమె భయపడింది. తర్వాత ఎంత ధైర్యంగా చెప్పుకున్నా సరే. అంతకుముందు వెళ్ళిన తొమ్మిదిమందీ ఇక్కడే గిరుక్కున వెనక్కి తిరిగారు, లేదా బయటికి పరిగెత్తారు. పోయిన రెండుసార్లూ ఆమె కూడా అంతే. ఈసారి నిలబడింది. ధైర్యంతో కాదు, కాళ్ళు రాక.

అలా నిలబడి ఉండగానే గాల్లో ఏదో తేలుతూ వచ్చింది. ఎర్రగా... సన్నగా... తిరుగుతూ తిరుగుతూ దిగి, ఆమె ఎడమ చేతి గ్లవ్ మీద వాలింది.

వెంట్రుక.

దారింకా దాన్నే చూస్తూ ఉండిపోయింది. చూడగా చూడగా ఆమెలో భయం తగ్గి, ఇరవై ఆరేళ్ళ అలవాటు మేలుకుంది. వెంట్రుక నున్నగా ఉంటుంది. దీనికి నూగు ఉంది. మెలి ఉంది. చివర మూడు పోగులుగా విడిపోయింది. ఉన్ని... చేత్తో అల్లిన ఉన్ని. చచ్చిపోయినవాళ్ళు ఏమైనా చెయ్యగలరేమో గానీ, వాళ్ళ తల మీద మూడు పోగుల ఉన్ని మొలవదు.

అప్పుడు తల ఎత్తి ముల్లుకేసి చూసింది. అది సున్నాకి కుడివైపు ఉండాలి. ఎడమవైపు వాలి ఉంది. గాలి శుభ్రమైన గదిలోంచి గూట్లోకి పోవాల్సింది పోయి, గూట్లోంచి గదిలోకి వస్తోంది.

ఆమెకి ఒళ్ళు మండింది. అయినా పరీక్ష పరీక్షే. ఐదడుగుల దూరాన్ని నెమ్మదిగా, చేతులు ఛాతీ దగ్గర పెట్టుకుని, ఒక్కో అడుగే వేసుకుంటూ వెళ్ళి, సన్నటి తలుపుని మోచేత్తో ఇవతలికి తెరిచింది.

గూట్లో వోయ్‌కో మాస్టారు కుర్చీలో వెనక్కి వాలి నిద్రపోతున్నాడు. ఒళ్ళో పరీక్ష కాగితం, పక్కన థర్మాస్ ఫ్లాస్కు. కుర్చీ వెనక, సరిగ్గా ఆయన నడుం ఎత్తున, గాలి బయటికి పోయే జాలీ. ఆ జాలీ నిండా... కుక్కికుక్కి పెట్టిన ఎర్ర ఉన్ని మఫ్లర్. మంచులో తడిసీ ఆరీ, మూడేళ్ళుగా ఉతుకు ఎరగని మఫ్లర్. పైనుంచి వచ్చే గాలికి దారి మూసేస్తే అది ఊరుకుంటుందా? తలుపు తోసుకుని పక్క గదిలోకి దూరింది. ఉత్త చేతులతో కాదు, బూజుని కూడా వెంటబెట్టుకుని.

చప్పుడుకి ఆయన కళ్ళు తెరిచాడు.

ఎదురుగా తల నుంచి కాళ్ళ దాకా తెల్లటి ఆకారం. మొహం లేదు. వేళ్ళ మధ్య ఎర్రటి పోగు.

"ఆల్బీనా..." కుర్చీతో సహా వెనక్కి జరిగాడు ఆయన. "తీసేస్తాను... ఇప్పుడే తీసేస్తాను... రోజూ పెట్టలేదు, రాత్రి పరీక్షలప్పుడే... నడుం పట్టేస్తోందని..."

దారింకా వెంటనే తన పేరు చెప్పలేదు. అదొక్క తప్పూ తను కావాలనే చేశానని ఒప్పుకుంటుంది.

"ఎంతమందిని?" అంది, గుసగుసగా.

"తొమ్మిది... తొమ్మిదిమందిని..." చేతులు జోడించాడు. "నాకు కిడ్నీలు వీక్, ఆల్బీనా. మా అమ్మ అల్లిచ్చింది..."

ఇరవై ఒకటో శతాబ్దం అలా కుర్చీలో ముడుచుకుని కూర్చుంది. ఆమెకి నవ్వూ వచ్చింది, జోఫ్కా గుర్తొచ్చి కళ్ళల్లో నీళ్ళూ తిరిగాయి.

"నేను దారింకాని, మాస్టారూ. ఆ మఫ్లర్ బయటికి లాగండి."

మొహంలో రంగు తిరిగి రావడానికి ఆయనకి కొంచెంసేపు పట్టింది. వచ్చాక బేరం మొదలుపెట్టాడు. ఇద్దరికే తెలిసిన సంగతి, ఇక్కడితో మర్చిపోదాం, మీ కాగితం మీద ఇప్పుడే పాసని రాసేస్తానన్నాడు. ఆమె మనసు ఊగింది. ఊగలేదంటే అబద్ధం. కానీ ఆయన సంతకం లొంగుతుంది గానీ ప్లేట్లు లొంగవు కదా. ఈ గాలిలో అద్దిన ప్లేట్ల మీద సోమవారానికి బూజు లేస్తుంది. పైగా, గది సరిగ్గా లేనప్పుడు పెట్టిన పరీక్ష పరీక్షే కాదని పాఠం చెప్పింది ఆయనే.

"మళ్ళీ పెట్టండి," అంది. "ఇప్పుడే. జాలీ తెరిచి. ఈ జరిగింది కూడా రాస్తాను."

పెట్టాడు. పెట్టక ఏం చేస్తాడు? ముల్లు కుడివైపుకి వచ్చేదాకా ఆగి, కొత్త సూటు, కొత్త గ్లవ్స్, కొత్త ప్లేట్లు. ఈసారి తలుపు కదల్లేదు, ఎవరూ నిట్టూర్చలేదు. మాస్టారు నడుం మీద చెయ్యి వేసుకుని నిటారుగా కూర్చుని, రెప్ప వెయ్యకుండా చూశాడు. సోమవారం పొద్దున ప్లేట్లు తీస్తే పన్నెండింటి మీదా కలిపి మూడు చుక్కలు. నియమం ప్రకారం శుభ్రంగా పాసు.

కథ ఇక్కడితో అయిపోవాలి. దెయ్యం లేదు, మఫ్లర్ ఉంది. వేరే ఊళ్ళో అయితే అయిపోయేది కూడా.

దారింకా రాసిచ్చిన కాగితం మీద, ఆ ప్లేట్లు ఇంకా తియ్యకముందే, శుక్రవారమే మీటింగు పెట్టారు. డైరెక్టరు లివియా గోర్యుప్, ఇంకో ఐదుగురు. మాస్టారు కూడా ఒక మూల కూర్చుని, పదిన్నరకి వచ్చిన పుల్ల క్యాబేజీ సూపు గిన్నెలోంచి తల ఎత్తలేదు. తప్పు పరీక్షకుడిదని రాస్తే ఏమవుతుంది? మూడేళ్ళ పరీక్షలన్నీ అనుమానంలో పడతాయి. ఫెయిలైనవాళ్ళు తిరిగొస్తారు. పైనుంచి తనిఖీవాళ్ళు వస్తారు. సూపు చల్లారేలోగా మఫ్లర్ కాస్తా "మెత్తటి అడ్డంకి" అయింది. అడ్డంకి పెట్టిన మనిషి వాక్యంలోంచి జారిపోయాడు. మరి ఎవరో ఒకరి మీద రాయాలి కదా. జాలీ నడుం ఎత్తున వచ్చేలా గూడు కట్టించిందెవరు? పాత పటం తీశారు. కింద సంతకం: ఆల్బీనా కోస్.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. కారణం: మానవ తప్పిదం. పరిష్కారం: సదరు ఆల్బీనా కోస్‌కి తిరిగి శిక్షణ. ఆరు సంతకాలు పడ్డాయి.

కంప్యూటరుకి లోకజ్ఞానం తక్కువ. దానికి చెప్పిన పని అది చేసింది. ఆల్బీనా పేరు ఉద్యోగుల పట్టీలో ఇంకా అలాగే ఉంది. ఎందుకంటే పేరు తీసెయ్యాలంటే, వెళ్ళిపోతున్నట్టు ఆ మనిషే సంతకం పెట్టాలి. కంప్యూటరు ఆవిడ పేరు మీద ఒక శిక్షణ, ఒక రాత్రి పరీక్ష కేటాయించి గడువు వేసింది. ఆవిడ పాసయ్యేదాకా రిపోర్టు మూతపడదని, రిపోర్టు మూతపడేదాకా దానితో ముడిపడ్డ సర్టిఫికెట్లేవీ బయటికి రావని ఎర్ర అక్షరాలతో రాసిపెట్టింది. ముడిపడ్డ సర్టిఫికెట్ ఒక్కటే, దారింకాది.

సోమవారం సాయంత్రం దారింకా డైరెక్టరు గదికి వెళ్ళింది. తను పాసైంది కదా, కాగితం ఇప్పించమని అడిగింది. రిపోర్టు మూతపడాలి అంది లివియా. మూసెయ్యండి అంది దారింకా. గోస్పా కోస్, అంటే కోస్ గారు, శిక్షణ పూర్తి చెయ్యాలి అంది లివియా.

"ఆవిడ పోయి ఆరేళ్ళయింది కదా, గోస్పా డైరెక్టర్."

లివియా తెర వైపు చూసింది. కాసేపు నిజంగానే వెతికింది పాపం.

"అది రాయడానికి ఇందులో గడి లేదు," అంది. "వచ్చే మూడు నెలల్లో ఏర్పాటు చేయిస్తాం."

"నాకు ఈ శుక్రవారమే."

"అర్థం చేసుకోగలను."

అర్థం చేసుకుంటే చాలదా మరి. దారింకా మెట్లు దిగి వస్తుంటే ఏడుపు తన్నుకొచ్చింది. అబద్ధమాడి ఉంటే ఈపాటికి కాగితం చేతిలో ఉండేది. నిజం రాసినందుకు, చచ్చిపోయిన మనిషి పాసయ్యేదాకా ఆగాలి. కింద కారిడార్లో దీపాలు సగం ఆర్పేశారు. మూడో గది ముందు ఆమె కాళ్ళు ఆగాయి. తలుపుకి ఉన్న చిన్న గాజులోంచి లోపల తెల్లటి వెలుతురు... ఎవరూ లేరు.

ఆ గదిలో దెయ్యం లేదని రుజువు చేసింది తనే. ఉంటే బాగుండునని ఇప్పుడు కోరుకుంటున్నదీ తనే. అటూ ఇటూ చూసి, నోరు గాజుకి దగ్గరగా పెట్టింది.

"గోస్పా ఆల్బీనా... మీరంటే అందరికీ భయమే. నాకూ భయమే. కానీ నాకు ఈ ఉద్యోగం కావాలి. ఒక్క పరీక్ష... ఒక్కటే..."

గాజు మీద ఆమె ఊపిరి మసక పట్టి, ఆరిపోయింది. తన పిచ్చికి తనకే సిగ్గేసి బస్సెక్కి వెళ్ళిపోయింది.

శుక్రవారం పొద్దున తొమ్మిదింటికి ఫోన్ వచ్చింది. వచ్చి సర్టిఫికెట్ తీసుకెళ్ళమన్నారు.

లివియా ముఖం కళకళలాడుతోంది. రిపోర్టు మూతపడిందట, అంతా సక్రమమట. తెర మీద పచ్చగా వెలుగుతోంది: ఆల్బీనా కోస్, తిరిగి శిక్షణ, సోమవారం రాత్రి రెండూ నలభైకి మొదలు, మూడూ పదమూడుకి ముగింపు, ఉత్తీర్ణురాలు. ఎవరు చేశారు, ఎలా చేశారు అని లివియా అడగలేదు. పచ్చగా ఉన్నదాన్ని పట్టుకుని ప్రశ్నలడిగే అలవాటు ఆ కుర్చీకి లేదు. సర్టిఫికెట్ అచ్చయి వేడివేడిగా బయటికి వచ్చింది.

కారిడార్లో వోయ్‌కో మాస్టారు కాచుకుని ఉన్నాడు. నాలుగు రోజుల్లో పదేళ్ళు పెరిగినట్టున్నాడు. చేతిలో ప్లేట్ల ట్రే.

"మీరేనా?" అన్నాడు, గొంతు తగ్గించి.

"ఏమిటి?"

"సోమవారం రాత్రి... పట్టీలో పరీక్ష పడిందని నేను గూట్లోనే ఉన్నా. నిద్రపోలేదు, ఒట్టు. జాలీ తెరిచే ఉంది. తలుపు మూసే ఉంది. ముల్లు కుడివైపే ఉంది. రెండూ నలభైకి ఒకరు లోపలికి వచ్చారు. అప్పటికే తల తొడుగు, ముఖం తొడుగు, అన్నీ ఉన్నాయి. సూటు వేసుకున్న తీరు చూస్తే... ఇరవై ఏళ్ళలో అలా వేసుకున్నవాళ్ళని చూడలేదు. ప్లేట్లు వాళ్ళంతట వాళ్ళే అద్దుకుని బల్ల మీద పెట్టారు. పేరు అడగలేదు. పరీక్షలో మాట్లాడకూడదు కదా."

"నేను ఇంట్లో పడుకున్నా, మాస్టారూ."

"తెలుసు," అన్నాడు. "మీరు కాదని తెలుసు. ఊరికే అడిగా."

ట్రే ముందుకి చాపాడు. పన్నెండు ప్లేట్లు. ప్రతిదాని మీదా పేరు చేత్తో రాసి ఉంది, నిలువుగా, గీసినంత చక్కగా. నాలుగు రోజులు వెచ్చటి పెట్టెలో ఉన్న ప్లేట్లు... పన్నెండూ నిర్మలంగా ఉన్నాయి. ఒక్క చుక్క లేదు.

"మీవి మూడు చుక్కలు. నావెప్పుడూ నాలుగైదు ఉంటాయి," అన్నాడు మాస్టారు. "బతికున్న మనిషి... ఎంత కడుక్కున్నా... ఎక్కడో ఒకటి ఉంటుంది. ఉండి తీరాలి."

దారింకా ఆ ప్లేట్లని ఇంకోసారి చూడలేదు. సర్టిఫికెట్ సంచిలో పెట్టుకుని, మధ్యాహ్నానికి ముందే మందుల ఫ్యాక్టరీలో ఇచ్చేసి, ఇంటికెళ్ళి రెండు చెంచాల చక్కెర వేసుకుని టీ తాగింది. ఎవరు చేస్తేనేం, తనకి మేలు చేశారు అనుకుంది. జోఫ్కాకి ఫోన్ చేసి గంటసేపు మాట్లాడింది.

ఆ తర్వాతి సోమవారం ఆమెకి మొదటి డ్యూటీ. రాత్రి షిఫ్టు.

ఫ్యాక్టరీలో షిఫ్టు సూపర్‌వైజరు లెయ్‌లా అనే చలాకీ అమ్మాయి. దారింకాకి కొత్త చెప్పులిచ్చి, గోడ మీద డ్యూటీ పట్టీ చూపించింది. క్లీన్‌రూములోకి ఎవరూ ఒంటరిగా వెళ్ళకూడదు, ఇద్దరిద్దరుగా వెళ్ళాలి, అది నియమం. రాత్రి షిఫ్టుకి మనుషులు దొరక్క చస్తున్నామని, అదృష్టం కొద్దీ శిక్షణ కేంద్రం కంప్యూటరు పోయిన శుక్రవారం ఒకటి కాదు, రెండు సర్టిఫికెట్లు పంపిందని, ఇద్దరినీ తీసుకున్నామని చెప్పింది. రెండో ఆమె మార్కులు పైవాళ్ళు రెండుసార్లు సరిచూసుకున్నారట.

దారింకా పట్టీ దగ్గరికి వెళ్ళింది. తన పేరు పక్కన జోడీ పేరు చదివింది. మళ్ళీ చదివింది.

"మీ జోడీ ముందే వచ్చేసిందక్కా," అంది లెయ్‌లా. "లోపలుంది. పలకరిస్తే తల ఊపింది అంతే. పరీక్ష అనుకుంటోందేమో పాపం, చాలా పద్ధతైన మనిషి."

సూటు వేసుకునే గది తలుపు దారింకా వెనక మూసుకుంది. బల్ల మీద సూటు పాకెట్లు రెండు ఉండాలి.

ఒకటే ఉంది.

వెనక్కి తిరిగి వెళ్ళిపోదామా అని ఆమె అనుకుంది. తలుపు దగ్గరే ఉంది, తియ్యడమే తరువాయి. తీస్తే బయట చలి, ఆ చలిలో నడిస్తే పొద్దున్నకి ఉపాధి ఆఫీసు క్యూ. యాభై రెండేళ్ళు. ఇంకో కోర్సు లేదు.

లోపలి గది వైపు నుంచి చప్పుడేమీ రాలేదు. ముల్లు కుడివైపే ఉంది. దారింకా మోచేతుల దాకా చేతులు కడుక్కుని, ఆరబెట్టుకుని, మిగిలిన పాకెట్‌ని నెమ్మదిగా చింపింది.